సైకిలోడికి కాస్త బాధ్యత ఉండొద్దూ?

రోడ్డు అందరిదీ అని ఈ మధ్య తెగ చెబుతున్నారు. సంతోషం. అందరిదీ అయినప్పుడు లైఫ్ ట్యాక్స్ మాత్రం మా ఒక్కళ్ళ దగ్గరే ఎందుకు ముక్కు పిండి వసూలు చేస్తున్నట్టు? సైకిలోడికి ట్యాక్స్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ అసలే లేదు. పొగ కూడా వదలని మనిషి ఏ హక్కుతో మన బంపర్ ముందు తొక్కుతున్నాడో ప్రభుత్వమే చెప్పాలి.

పాతకాలంలో ఇలా లేదు. సైకిలుకి మునిసిపాలిటీ బిళ్ళ ఉండాలి, చీకటి పడితే దీపం ఉండాలి. దీపం లేకపోయినా, డబుల్స్ తొక్కినా కానిస్టేబుల్ ఆపి రెండు చక్రాల్లోనూ గాలి తీసేవాడు. అదీ క్రమశిక్షణంటే. ఇప్పుడు రాంగ్ రూట్లో హైబీమ్ కొట్టుకుంటూ ముగ్గురెక్కిన బైకు ఎదురొస్తుంది, దాన్ని ఆపమని నేను అనను. యూటర్న్ తీసుకెళ్ళి ఎక్కడో అరకిలోమీటరు అవతల పెట్టారు, పాపం వాళ్ళకి పెట్రోలు ఎవడు పోయిస్తాడు?

జర్మనీలో 2020 నుంచి ఒక రూల్ పెట్టారు. ఊళ్ళో సైకిల్‌ని దాటే కారు మీటరున్నర ఎడం వదలాలి, ఊరి బయటైతే రెండు మీటర్లు. ఇంత స్థలం వృథా చేసే దేశం ఎలా బాగుపడిందో నాకు అంతుపట్టదు. అమీర్‌పేటలో ఆ మీటరున్నరలో ఒక ఆటో దూరుతుంది, దాని పక్కనుంచి ఒక డెలివరీ బండి దూరుతుంది, ఇంకాస్త సందుంటే చెరుకురసం బండి నిలబడుతుంది. నెదర్లాండ్స్ వాళ్ళు మరీ ఘోరం. అక్కడ కారూ సైకిలూ గుద్దుకుంటే నష్టపరిహారం మామూలుగా కారువాడి నెత్తినే పడుతుంది.

పైగా అక్కడ కారు డోర్ ఎలా తీయాలో కూడా నేర్పుతారు. డోర్‌కి దూరంగా ఉన్న చేత్తో తీయాలిట. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ చేత్తో అన్నమాట. అలా తీస్తే ఒళ్ళు దానంతటదే తిరిగి, చూపు వెనక్కి పడుతుంది, వచ్చే సైకిల్ కనిపిస్తుంది. బాగానే ఉంది. కానీ ఎడమ చేతిలో ఫోనుంటుంది కదా, అదెక్కడ పెట్టుకోమంటారు? మిర్చి బజ్జీల బండి కనిపించగానే బ్రేకేసి, కుడిచేత్తో డోర్ బార్లా తీసి దిగడం మన పద్ధతి. బజ్జీ చల్లారేలోపు దిగాలి. వెనకాల వచ్చేవాడు డోర్‌కి తగిలి పడ్డాడంటే, ముందు డోర్‌కి సొట్ట పడిందేమో చూసుకోవడం కూడా మన పద్ధతే.

అందరు సైకిలోళ్ళనీ ఒకే గాటన కట్టను. ఆదివారం తెల్లారుజామున హెల్మెటూ చేతి తొడుగులూ వేసుకుని గుంపుగా వెళ్ళే సార్లున్నారు. వాళ్ళ సైకిల్ ఖరీదులో సెకండ్ హ్యాండ్ కారొస్తుంది, కాబట్టి వాళ్ళు నైతికంగా కార్ల వాళ్ళే. నా గొడవల్లా రెండో రకంతో. టీ ఫ్లాస్కు తగిలించుకున్న కుర్రాడు, పేపరబ్బాయి, నైట్ డ్యూటీకి పోయే వాచ్‌మన్. ఆ వాచ్‌మన్ సైకిల్ చూడండి: వెనక మడ్‌గార్డ్ మీద రిఫ్లెక్టర్ ఊడిపోయి రెండు మేకు బెజ్జాలు మిగిలుంటాయి, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ ఊగుతుంటుంది. వీధిలైటు వెలగని చోట ఆయన మనకి కనిపించడు. కనిపించని మనిషి రాత్రిపూట ఉద్యోగానికెందుకు పోవాలి? ఫుట్‌పాత్ ఎక్కొచ్చుగా అంటారేమో, అక్కడ మన బైకులు వెళుతుంటాయి.

వీళ్ళ కోసం ప్రభుత్వం ఏమీ చేయలేదనడం మాత్రం అన్యాయం. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. మూడు లేన్లు, పైన సోలార్ కప్పు, 16 మెగావాట్ల కరెంటు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. ఎండ తగలదు, లారీ తగలదు. సైకిల్‌ని కారు వెనక కట్టుకుని అక్కడిదాకా వెళితే ఎంత క్షేమంగా తొక్కొచ్చో! మన వాచ్‌మన్‌కి కారు లేకపోవడం ట్రాక్ తప్పు కాదు. ఆయన పనిచేసే అపార్ట్‌మెంట్ ఎర్రగడ్డలో ఉండడం అంతకంటే కాదు.

అందుకని సంబంధిత అధికారులకి ఒక విన్నపం. మధ్యాహ్నం పూట ఆ ట్రాక్ మీద పెద్దగా ఎవరూ ఉండరు. ఎండలో నిలబడి మన కార్ల సీట్లు కాలిపోతున్నాయి. పైన కప్పుంది, కింద గచ్చుంది, కరెంటు అక్కడే తయారవుతోంది కాబట్టి ఛార్జింగ్ పాయింట్లకి వేరే లైను లాగక్కర్లేదు. పదకొండు నుంచి నాలుగు దాకా పార్కింగ్‌కి ఇచ్చేయండి. టోకెన్లు చింపే పని ఆ వాచ్‌మన్‌కే ఇద్దాం. డ్యూటీకి మాత్రం బస్సులో రమ్మనండి.