రెండు పత్రికల సగటు నిజం కాదు

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షలకు ఇంగ్లిషు అలవాటవుతాయి. ఒకే సంఘటన గురించి రెండు రాష్ట్రాల పత్రికలు ఏం రాశాయో, రెండు భాషల చానళ్లు ఏం చెప్పాయో వారు స్వయంగా పక్కపక్కన పెట్టి చూసుకోగలరు. భువనేశ్వర్‌లోని పాఠకుల్లోనూ, విజయవాడలోని పాఠకుల్లోనూ ఈ వెసులుబాటు ఉన్నవారు తక్కువ. జర్నలిజంలోకి రావాలనుకునే యువతకు ఇంతకంటే మంచి పునాది ఉండదని నా నమ్మకం. అయితే ఈ పునాదిని ఎక్కువమంది వాడుకుంటున్న తీరు ఆందోళన కలిగిస్తోంది. రెండు కథనాలు పొసగనప్పుడు కొందరు తమ భాషలో వచ్చినదే నిజమని నమ్మి వెంటనే వాట్సాప్ గ్రూపులకు పంపేస్తున్నారు. మరికొందరు, తాము నిష్పక్షపాతంగా ఉన్నామనుకునేవారు, నిజం ఎక్కడో మధ్యలో ఉంటుందిలే అని వదిలేస్తున్నారు. ఈ రెండో ధోరణి పైకి పెద్దరికంలా కనిపిస్తుంది గనుక దాని గురించే ఎక్కువగా చెప్పుకోవాలి.

కొటియా వివాదాన్ని చూడండి. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరు మండలానికీ మధ్య కొండల్లో ఉన్న 21 గ్రామాలు తమవేనని రెండు రాష్ట్రాలూ వాదిస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు నిర్వహించినప్పుడు సరిహద్దుకు ఒకవైపు అది చొరబాటుగానూ, మరోవైపు గిరిజనుల ఓటు హక్కుగానూ ప్రచారమైంది. ఈ రెండింటికీ మధ్యలో సగం చొరబాటు, సగం హక్కు అనే నిజమేదీ లేదు. రికార్డుల్లో ఉన్నది వేరే సంగతి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు ఆ దావాను సాంకేతిక కారణాలపై ముగిస్తూ యథాతథ స్థితి కొనసాగాలని చెప్పింది. అంటే ఆ గ్రామాలు ఎవరివన్న అసలు ప్రశ్నకు కోర్టు తీర్పు ఇంకా రాలేదు. ఈ ఒక్క విషయం తెలిసిన పాఠకుడు 'మన గ్రామాల్లోకి వారు వచ్చారు' అనే శీర్షికను, అది ఏ భాషలో ఉన్నా, ఆచితూచి చదువుతాడు. ఆ తర్వాత అతనికి సహజంగా తోచే ప్రశ్న, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ దాచుకున్న అక్కడి ఆదివాసీ కుటుంబాలు ఏం కోరుకుంటున్నాయన్నది. ఆ ప్రశ్న అడిగిన వార్తలు రెండు భాషల్లోనూ అరుదు.

ఎందుకు అరుదంటే అందరు విలేకరులకూ నిజాయితీ లేదని కాదు. తెలుగు పత్రికల జిల్లా పేజీ ఇచ్ఛాపురం, పాతపట్నం దాకా వచ్చి ఆగిపోతుంది. ఒడియా పత్రికల జిల్లా పేజీ అటునుంచి వచ్చి అక్కడే ఆగుతుంది. మండల స్థాయి కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ వస్తుంది, దానికి తోడు ప్రకటనలు తెచ్చే భారం ఉంటుంది. అటువంటి మనిషి సొంత పెట్రోలు పోసుకుని కొండెక్కి, రోజంతా గడిపి, అవతలి రాష్ట్రం కాగితాలు కూడా చూసి రావాలని ఆశించే సంస్థ అందుకు తగిన ఖర్చు భరించాలి. భరించనప్పుడు నాయకుడి ప్రకటనే వార్త అవుతుంది.

అధికారిక ప్రకటన దగ్గర ఆగిపోతే ఏమవుతుందో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా చూపించింది. 2016 సెప్టెంబరు నుంచి కొన్ని వారాల వ్యవధిలో ఆ జిల్లాలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. జ్వరం, మూర్ఛ, అపస్మారక స్థితి, కొద్ది గంటల్లో మరణం. జపనీస్ మెదడువాపు వ్యాధి అన్నారు. దోమలు, పందులు కారణమన్నారు. పందులను ఊళ్లకు దూరంగా తరలించే కార్యక్రమాలు జరిగాయి. కొందరు పిల్లల్లో ఆ వైరస్ పరీక్షల్లో నిర్ధారణ అయిన మాట వాస్తవమే. కానీ చాలామందిలో అది కనిపించలేదు. తర్వాత వేలూరుకు చెందిన వైరాలజిస్టు డాక్టర్ టి. జాకబ్ జాన్ నేతృత్వంలోని నిపుణుల బృందం వచ్చి, అనేక మరణాలకు కారణం అడవి కసివింద గింజల్లోని విష పదార్థాలని చెప్పింది. ఒడియాలో బణ చకుండా అని పిలిచే ఈ మొక్క వానలు పడ్డాక దారుల పక్కన, ఇళ్ల వెనుక విరివిగా మొలుస్తుంది. దాని గింజలు తిన్న పిల్లల కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతింటాయి. అంతకుముందే పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లల మరణాల వెనుక ఇదే మొక్క ఉందని గుర్తించినవారిలో జాకబ్ జాన్ ఒకరు.

మొదటి వారంలో వైరస్ గురించి రాసిన విలేకరులు అబద్ధం రాశారని నేను అనను. అధికారులు చెప్పింది రాశారు. అయితే కొందరికి నిర్ధారణ అయిన కారణాన్ని చనిపోయిన అందరికీ వర్తింపజేసినప్పుడు ప్రశ్న మూసుకుపోతుంది. 'ఇంతమందిలో వైరస్ కనిపించింది, మిగిలినవారి మరణానికి కారణం ఇంకా తెలియలేదు' అనే వాక్యం శీర్షికగా పేలవంగా ఉండవచ్చు. కానీ వైరస్ లేని ఆ పిల్లల సంగతేమిటని మర్నాడు మళ్లీ అడిగే దారిని అదే తెరిచి ఉంచుతుంది. తెలిసినంతవరకే రాయడం, తెలియనిది ఏదో కూడా రాయడం విలేకరికి కావలసిన మొదటి క్రమశిక్షణ. రాజధాని స్టూడియోల్లో ఈ క్రమశిక్షణకు విలువ తగ్గిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మల్కన్‌గిరి నేర్పే మరో సంగతి భాషకు సంబంధించినది. బిడ్డ ముందురోజు ఏం తిన్నాడో చెప్పగలిగేది తల్లి, ఆ తల్లి మాట్లాడేది తరచుగా కోయ భాష. విలేకరికి దుబాసీగా వచ్చేది బ్లాకు ఆఫీసు ఉద్యోగి అయితే, ఆ ఆఫీసుకే ఇబ్బంది కలిగించే మాట ఆమె ఎంతవరకు చెబుతుంది? పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి ఈ సమస్యను వేరే రంగంలో ముందే గ్రహించారు. ఆయన సవరల గురించి ఇతరులు చెప్పింది వినడంతో సరిపెట్టుకోకుండా వారి భాషను వారి దగ్గరే నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ముఖలింగం శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకుని గాంగ రాజుల చరిత్ర మీద రాశారు. ఆయనను విలేకరి అని ఎవరూ అనరు. కానీ మనిషిని మనిషి భాషలో అడగడం, రాతను రాతలోనే చదవడం అనే ఆయన పద్ధతి జర్నలిజం పాఠశాలల్లో మొదటి పాఠం కావలసింది. కువి, సవర, కోయ భాషల్లో ఏదో ఒకటి మాట్లాడగలిగే యువతీయువకులు మన ఊళ్లలోనే ఉన్నారు. వార్తా సంస్థలు వారిని వెతుక్కోవడం లేదు.

సవరణ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేటి పాఠకులు సవరణ కనిపిస్తే దాన్ని మోసానికి రుజువుగా తీసుకుంటున్నారు. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనగా దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో మృతుల సంఖ్య మొదట 288 అన్నారు, కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించారని 275కు తగ్గించారు, తనిఖీ తర్వాత మళ్లీ 288 అన్నారు. అంకె మారిన ప్రతిసారీ, కారణం చెప్పినా సరే, దాపరికం జరుగుతోందని అనుమానించినవారు ఉన్నారు. అదే రోజుల్లో పట్టాల పక్కన మసీదు ఉందంటూ ఒక ఫొటో లక్షల ఫోన్లకు చేరింది. అది ఇస్కాన్ ఆలయమని తేలినా, దాన్ని పంపినవారిలో ఎందరు సవరణ పంపారు? లెక్క సరిచేసుకున్నవారు పేరుతో, హోదాతో ముందుకొచ్చి చెప్పారు. పుకారు కింద ఎవరి సంతకమూ లేదు. ఎవరిని ఎంత నమ్మాలో తేల్చుకోవడానికి నాకు ఈ తేడా చాలు.

ఇక కాగితాల విషయం. నియమగిరిలో బాక్సైట్ తవ్వకాలను 2013లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు తిరస్కరించాయి. సుప్రీంకోర్టు ఆదేశంపై, న్యాయాధికారి పరిశీలనలో జరిగిన సభలు గనుక అక్కడ ప్రజలేమన్నారో ఎవరూ మార్చి చెప్పలేరు. ఇటువంటి రికార్డు చాలా విషయాల్లో ఏదో ఒక కార్యాలయంలో ఉంటుంది; అడిగేవారు ఉండాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పౌరులెవరైనా అడగవచ్చు, ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదు, ప్రెస్ కార్డు అవసరం లేదు. ఒడిశాలో నిర్ణీత ఫారం నింపాలి. ఈ రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము 10 రూపాయలకు మించదు, సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, రాకపోయినా అసంపూర్తిగా వచ్చినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయవచ్చు. దరఖాస్తును ఇంగ్లిషులో, హిందీలో లేదా ఆ ప్రాంత అధికార భాషలో రాయవచ్చని చట్టమే చెబుతోంది. కాబట్టి వంశధార నీటి పంపకం గురించి రెండు ప్రభుత్వాలు చెబుతున్న మాటలు పొసగడం లేదని గమనించిన గుణుపురం కాలేజీ విద్యార్థిని, ఒకే ప్రశ్నను రాయగడలోని కార్యాలయానికి ఒడియాలో, శ్రీకాకుళంలోని కార్యాలయానికి తెలుగులో పంపి, వచ్చిన రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి అచ్చువేయవచ్చు.