మేస్త్రి అన్నకు ఐదు నిమిషాలు

2024 ఫిబ్రవరిలో ఖతార్ రాజధాని దోహాలో మన తెలుగు సంఘం పెట్టిన ఆ సాయంత్రం గురించి రాయాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించాను. ఇప్పుడు సెలవు మీద గద్వాలకు వచ్చి, మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. హాల్లో ఉన్నవాళ్ళకు జరిగింది గుర్తుండే ఉంటుంది. గుర్తు లేకపోతే, దాని గురించే నా బాధ.

ఏషియన్ కప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూస్తూ, సందు దొరికినప్పుడల్లా ఖతార్ పాత కోటలు, మ్యూజియంలు తిరిగొచ్చిన కుటుంబాలు ఫొటోలు చూపించిన కార్యక్రమం అది. పిల్లలు చాలా బాగా మాట్లాడారు. జుబారా కోట గురించి, ముత్యాల వేట గురించి ఎనిమిదేళ్ళ పాప తెలుగులో తడుముకోకుండా చెబుతుంటే నా కళ్ళు చెమర్చాయి. చివర్లో, ఇక్కడి స్టేడియం కట్టడంలో పనిచేసిన మన జిల్లా మేస్త్రి అన్నకు మాట్లాడడానికి ఐదు నిమిషాలు అని ముందే అనుకున్నాం. అన్న డ్యూటీ మార్చుకుని, లేబర్ క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో నాలుగు మడతల కాగితం. కానీ సన్మానాలు సాగాయి. శాలువాలు, మెమెంటోలు, మళ్ళీ గ్రూప్ ఫొటో. తొమ్మిదిన్నరకు మైకులో, "టైమ్ అయిపోయింది, మేస్త్రి గారిని వచ్చేసారి విందాం, డిన్నర్ రెడీగా ఉంది" అన్నారు. అన్న అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. మెల్లగా కూర్చున్నాడు. కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నేను కార్యవర్గంలో ఒకరిని పక్కకు పిలిచి అడిగాను. "హెరిటేజ్ ప్రోగ్రాంలో లేబర్ విషయాలు ఎందుకండీ" అన్నారు. టైమ్ చాలలేదంటే ఊరుకునేవాణ్ణి. ఈ మాటకు ఊరుకోలేకపోతున్నాను.

అన్నతో నేను ఎక్కడెక్కడ తిరిగానో చెబితే, ఆ మాట నాకెందుకు గుచ్చుకుందో మీకే తెలుస్తుంది.

జనవరి 13న ఆస్ట్రేలియాతో మన భారత జట్టు మ్యాచ్. మర్నాడు భోగి. అహ్మద్ బిన్ అలీ స్టేడియంలో నీలం జెర్సీల మధ్య సకినాల డబ్బా తిప్పుకుంటూ చూశాం. 2-0తో ఓడాం. 18న ఉజ్బెకిస్తాన్ చేతిలో 3-0. ఇక 23న సిరియాతో మిగిలిన ఆఖరి మ్యాచ్ అల్ ఖోర్‌లోని అల్ బైత్ స్టేడియంలో. ఆ స్టేడియంలో అన్న రెండేళ్ళు సెంట్రింగ్ పని చేశాడు. ఒక్కసారి కూడా లోపల కూర్చుని ఆట చూడలేదు. "ఈసారి టికెట్ నేను తీస్తా, సెలవు పెట్టు అన్నా" అని పట్టుబట్టాను. మ్యాచ్ మధ్యాహ్నం కాబట్టి పొద్దున్నే జుబారా చూసి, అటు నుంచి అటే అల్ ఖోర్ పోదామనుకున్నాం. నేను, నా భార్య, పదకొండేళ్ళ మా అమ్మాయి, అన్న.

జుబారా దోహాకు నూరు కిలోమీటర్లకు పైనే. పద్దెనిమిదో శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగిన రేవు పట్టణం. 1811లో దాడికి గురై కాలిపోయింది, మళ్ళీ కొంత లేచింది, చివరకు జనం పూర్తిగా వదిలేస్తే ఇసుక కప్పేసింది. 2013లో యునెస్కో జాబితాకెక్కింది, ఖతార్‌కు అదే మొదటిది. పక్కనే ఉన్న కోట మాత్రం 1938 నాటిది. మూడు మూలల గుండ్రటి బురుజులు, నాలుగో మూల చతురస్రం. పదిహేనేళ్ళుగా ఖతార్‌లో ఉంటూ నేను అక్కడికి పోవడం అదే మొదటిసారి. ఫుట్‌బాల్ వంక లేకపోతే ఇంకా పోయేవాణ్ణి కాదేమో.

మేం బోర్డులు చదువుతున్నాం. అన్న గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించాడు. తర్వాత బొటనవేలి గోరుతో పూత పగిలిన చోట మెల్లగా గీరి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "సున్నం కాదు తమ్మీ ఇది. మట్టితో కట్టి పైన గచ్చు పోసినరు. గోడ గజం మందం ఉంది సూడు, లోపల సల్లగుంటది" అన్నాడు. బోర్డు మీద ఉన్నదీ అదే: సముద్రపు రాయి, బంకమట్టి, పైన జిప్సం పూత. ఒక గదిలోకి పోయి తలెత్తి పైకప్పు చూశాడు. దగ్గర దగ్గరగా పరిచిన గుండ్రటి దుంగలు, వాటి మీద వెదురు అల్లిక, చాప, ఆ పైన మట్టి. అన్న మొహం వెలిగిపోయింది. "ఇది మన మిద్దెనే! దూలం, దంతెలు, పైన బోద, దాని మీద చౌడు మట్టి. మా ఇల్లు అట్లనే ఉండె." మా అమ్మాయి ఆ మాటలన్నీ నోట్ బుక్కులో రాసుకుంది. దంతె అంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. నిజం చెప్పాలంటే నేనూ మరచిపోయాను.

తవ్వి తీసిన పాత ఇళ్ళలో ఒకచోట గదిలో నేలంతా కాలువలు కాలువలుగా గచ్చు చేసి ఉంది. ఖర్జూరాల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే, బరువుకు కారిన పాకం ఆ కాలువల్లో పారి కుండలోకి చేరేదట. అన్న గొంతుక్కూర్చుని, కన్ను నేలకు ఆనించినట్టు వంగి చూశాడు. "వాటం ఎంత బాగా ఇచ్చినరు. రసమట్టం లేని కాలంల." ఆ ఇంటి యజమాని పేరేమిటో మాకు తెలియదు. వాటం ఇచ్చిన మేస్త్రి పనితనం మాత్రం రెండు వందల ఏళ్ళ తర్వాత ఇంకో మేస్త్రి చూసి మెచ్చుకున్నాడు. వారసత్వం అనే మాటకు నాకు ఇంతకంటే మంచి అర్థం దొరకలేదు.

ముత్యాల కథ కూడా మనకు దూరమైనదేం కాదు. హైదరాబాద్‌లో బస్రా ముత్యాలని మనం మురిసిపోయేవి ఈ గల్ఫ్ నీళ్ళవే. ఆ సరుకు బొంబాయి మీదుగానే పోయేది. 1966 దాకా ఇక్కడ చెల్లింది రూపాయే. జపాన్ పెంపకం ముత్యాలు వచ్చాక ఆ వ్యాపారం కూలింది. ముత్యం కోసం మునిగే మనిషి ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవాడు. సీజన్‌కు ముందే పడవ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకునేవాడు, వేట సరిగా పడకపోతే ఆ అప్పు పై ఏటికి పోయేది, ఒక్కోసారి కొడుకుల మీద పడేది. నేనిది చెబుతుంటే అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన గుంపు మేస్త్రి అడ్వాన్సు లెక్కనే" అన్నాడు. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిపించుకున్న జిల్లా మనది. దసరా తర్వాత ఊళ్ళకు ఊళ్ళు అడ్వాన్సు తీసుకుని డ్యాముల పనులకు, కాలువ పనులకు పోయిన సంగతి చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది.

అల్ బైత్ అంటే ఎడారి జనం మేక వెంట్రుకలతో నేసుకునే డేరా. స్టేడియం మొత్తం ఆ ఆకారంలోనే ఉంటుంది, బయట నలుపు, తెలుపు చారలు, లోపల ఎర్రటి నేత డిజైన్లు. తడిస్తే ఆ వెంట్రుకల బట్ట ఉబ్బి వాన చుక్కను లోపలికి రానివ్వదట. మన గొంగడి కూడా అంతే కదా. చింతగింజల గంజి పెట్టి బిరుసెక్కించిన నల్ల గొంగడి కప్పుకుంటే ఎంత వానలోనైనా మంద వెనక తిరగొచ్చు. 76వ నిమిషంలో సిరియా గోల్ కొట్టింది. ఒక్క గోల్ కూడా కొట్టకుండా మన జట్టు ఇంటిదారి పట్టింది. 1962లో హైదరాబాదీ రహీం సాబ్ కోచ్‌గా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిన దేశం ఇలా ఓడుతుంటే మనసు చివుక్కుమంది. జనం లేచిపోయాక అన్న మా అమ్మాయిని మెట్ల కిందికి తీసుకుపోయి ఒక కాంక్రీటు దిమ్మ చూపించాడు. అంచు మీద సన్నని గీత. "షట్టరింగ్ రేకు అతుకు ఇది బిడ్డా. ఈ వరుస మా బ్యాచ్‌దే. ఎనిమిది మందిమి, ముగ్గురం మన జిల్లానే." మా అమ్మాయి ఆ గీత మీద వేలు పెట్టి చివరి దాకా నడిచింది.

ఆ రోజు విన్నదంతా ఐదు నిమిషాల్లో చెప్పమని అన్నను సంఘానికి పిలిచింది నేనే. అందుకే ఆయన కూర్చుండిపోతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

మొన్న ఆదివారం అన్న కూడా సెలవులో ఉంటే ఇద్దరం అలంపూర్ పోయాం. వాళ్ళ నాయనను కూడా తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, చేతికర్రతో. నవబ్రహ్మ ఆలయాలు మీరంతా చూసే ఉంటారు. కానీ కూడవెల్లి సంగమేశ్వర ఆలయం దగ్గర ఎంతమందిమి ఆగాం? కృష్ణా, తుంగభద్రలు కలిసే చోట ఉన్న చాళుక్యుల గుడి అది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునుగుతుందని రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చి మళ్ళీ కట్టారు. ఆ రాళ్ళు మోసిన కూలీలలో పెద్దాయన ఒకరు. రాయి రాయికీ రంగుతో నంబరు వేసేవాళ్ళట. మోకులు కట్టి, గడ్డపారలు వేసి, కర్రల మీద దొర్లించి లారీలకెక్కించేవాళ్ళట. గోడ చుట్టూ తిరుగుతూ ఒకచోట ఆగి చేత్తో తడిమారు. "గుడిని తెచ్చినరు బిడ్డా. ఊరిని ఎవరు తెస్తరు?" అన్నారు.

వాళ్ళ ఊరు అదే నీళ్ళ కింద ఉంది. మిద్దె పోయింది, చేను పోయింది. 98 జీవో కింద ఇంటికో ఉద్యోగం అన్నారు, దాని కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి. చివరకు అన్న గల్ఫ్ విమానమెక్కాడు.

గుడి నీడలో కూర్చున్నప్పుడు ఆ కాగితం ఉందా అని అడిగాను. పాస్‌పోర్ట్ కవర్లోంచి తీశాడు. నాయన ముందు నిలబడి, స్టేజీ మీద చదవాల్సినట్టే చదివాడు: వేసవిలో ఇనుప కడ్డీ పట్టుకుంటే చేతులు కాలిన సంగతి, తోటి నేపాలీ మేస్త్రి దగ్గర నేర్చుకున్న పని, జుబారా పైకప్పు, నాయన మోసిన రాళ్ళు. గడియారం చూశాను. నాలుగు నిమిషాలు పట్టింది.

కార్యవర్గం మీద నాకు కోపం లేదు. కోవిడ్ రోజుల్లో టికెట్లు లేక ఎయిర్‌పోర్ట్‌లో పడిగాపులు పడ్డవాళ్ళకు అన్నం పెట్టింది మన సంఘమే. క్యాంపులో ఎవరైనా చనిపోతే కాగితాలన్నీ చేసి శంషాబాద్ దాకా పంపేదీ వీళ్ళే. హాలు అద్దె గంటల లెక్క. పరాయి దేశంలో కూలీల మాట ఎత్తితే ఏమవుతుందో అన్న టెన్షన్ కూడా ఉంటుంది, అదీ నాకు తెలుసు. కానీ ఆ దేశమే ఆ మాట ఎత్తింది. దోహా నడిబొడ్డున మ్షేరెబ్‌లో బిన్ జెల్మూద్ హౌస్ అని మ్యూజియం ఉంది. మనుషులను బానిసలుగా తెచ్చి ముత్యాల వేటలో ముంచిన చరిత్రను, 1952లో బానిసత్వం రద్దయిన సంగతిని అక్కడ దాచకుండా పెట్టారు. ప్రవేశం అందరికీ. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు 2020లో, వెయ్యి రియాళ్ళ కనీస వేతనం 2021 మార్చిలో వచ్చాయి. ఎండాకాలం పొద్దున పది నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదన్న నియమం కూడా ఆ ఏడాదే. అవి వచ్చేసరికి అన్న స్టేడియం పని ముగిసింది. ఆతిథ్య దేశం వారసత్వం చూపిస్తామని మన పిల్లలను కోటలకు తిప్పి, ఆ దేశం తన మ్యూజియంలో పెట్టుకున్న మాటనే మన మైకులోంచి తీసేస్తే ఎట్లా?

మనకు వీటి మీద ప్రేమ లేదని నేననను. సంక్రాంతికి ముగ్గులేస్తాం, బతుకమ్మ పేరుస్తాం, పాత పాటలకు కన్నీళ్ళు పెడతాం. కానీ ముగ్గు వేసే మిద్దె ముంగిలి కట్టిన మనిషి మన హాల్లో వెనక వరుసలోనే కూర్చుంటున్నాడు. ఊళ్ళో ఉన్న ఈ అలవాటును కూడా అరిసెలతో పాటు మూటగట్టి తెచ్చుకున్నాం. దీన్ని ఇంత దూరం మోసుకు రావాల్సిన పని లేదు.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. దసరా కార్యక్రమంలో మేస్త్రి అన్నను ముందు పిలవండి, శాలువాలు తర్వాత కప్పుకుందాం. అల్ బైత్, లుసైల్ స్టేడియాల్లో, మెట్రోలో పనిచేసిన మనవాళ్ళు క్యాంపుల్లో ఇంకా ఉన్నారు. మన సంఘం సంచికలో రెండు పేజీలు ఇస్తే వాళ్ళ మాటలు నేను రాసుకొస్తాను. ఫోన్లో రికార్డు చేసినా చాలు.

ఇంకో మాట, సెలవులకు ఇటు వచ్చేవాళ్ళకు. మే చివరికి శ్రీశైలం వెనక నీళ్ళు బాగా దిగితే వాళ్ళ ఊరి పునాదులు తేలతాయట. పెద్దాయన తన ఇంటి గుమ్మం ఎక్కడుండేదో చూపిస్తానన్నారు. మా అమ్మాయి నోట్ బుక్కుతో సిద్ధంగా ఉంది. పిల్లలను తీసుకుని వస్తామంటే ముందుగా ఒక మాట చెప్పండి. పొద్దున ఆరింటికి అలంపూర్ చౌరస్తాలో కలుద్దాం, ఎండ ఎక్కకముందే తిరిగి రావచ్చు.