మన్యం చరిత్రను మన్యం వారే గీయాలి

ఆదివాసుల చరిత్రను బొమ్మల కథగా చెప్పే గ్రాఫిక్ నవలలు, గోదావరి డెల్టా నుంచి విదేశాలకు వెళ్లి స్థిరపడిన మన పిల్లలు పెరుగుతున్న దేశాల్లో పదిహేనేళ్లుగా బలంగా వస్తున్నాయి. కెనడాలో ఆదివాసీ రచయితలు, చిత్రకారులు కలిసి 2019లో తెచ్చిన ‘దిస్ ప్లేస్’ అనే సంకలనం ఆ దేశపు నూటయాభై ఏళ్ల చరిత్రను తమ వైపు నుంచి తిరిగి చెప్పింది. అటువంటి పుస్తకాలు చదివే పిల్లలు సెలవులకు కోనసీమ వచ్చి, పాపికొండల లాంచీ ఎక్కి, పేరంటపల్లిలో కొండరెడ్డి స్త్రీలు అమ్మే వెదురు బొమ్మలు కొనుక్కుని తిరిగి వెళ్తున్నారు. ఆ అమ్మిన మనిషి తాతముత్తాతలు ఎవరు, ఏం చేశారు అని వారు అడిగితే చేతిలో పెట్టదగిన తెలుగు బొమ్మల పుస్తకం కోసం రాజమహేంద్రవరం పుస్తకాల దుకాణాల్లో వెతికాను, నాకు కనిపించలేదు. ఈ లోటును తీర్చే పనికి విదేశాల్లోని మన డెల్టావాసుల సంఘం పూనుకోవాలని, అయితే ఆ పుస్తకాన్ని మనం రాయకూడదని నా అభిప్రాయం.

బొమ్మలతో కథ చెప్పడం డెల్టాకు కొత్త కాదు. బాపు పుట్టింది మన నరసాపురంలోనే. చందమామ చదవకుండా పెరిగిన ఇల్లు మా తరంలో అరుదు. కానీ మన కార్టూన్లలోనూ సినిమాల్లోనూ కోయవాడు ఎలా కనిపించాడు? తలకు ఈకలు, నడుముకు ఆకులు, నోట నవ్వు పుట్టించడానికి అల్లిన వచ్చీరాని తెలుగు. ఆ బొమ్మను చూసి నవ్విన మనమే మన్యం వీరుడి బొమ్మకు దండలు వేస్తున్నాం. అల్లూరి సీతారామరాజు కుటుంబానిది భీమవరం పక్కనున్న మోగల్లు కనుక ఆ అభిమానం సహజమే, న్యాయమే. అయినా 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై జరిగిన దాడిని గీసినప్పుడు గాం గంటందొర, గాం మల్లుదొర, వారి వెంట నడిచిన వందల మంది మన్యం ప్రజలు వెనుక నిలబడిన గుంపుగా మిగిలిపోవడం మాత్రం న్యాయం కాదు. పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలు భరించినవారు, బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు అజమాయిషీలో రోడ్డు పనికి కూలి లేకుండా చాకిరీ చేసినవారు వారే.

అల్లూరి పుట్టకముందే, 1879లో, రంప ప్రాంతం తిరగబడింది. కల్లు మీద పన్ను, ఆ ప్రాంతపు అధిపతి అయిన మన్సబుదారు వసూళ్లు, అతని కింద కొన్ని ఊళ్లను ఏలిన ముఠాదారుల అసంతృప్తి అన్నీ కలిసి ఆ పితూరీకి దారితీశాయి. వీటితోపాటు మరొక కారణం ఉంది. పల్లపు ప్రాంతం నుంచి వెళ్లిన వర్తకులు అప్పుల పేరుతో కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని కొండవారి పశువులను, పంటను జప్తు చేయించారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి మన ఊళ్లు పచ్చబడుతున్న కాలంలోనే ఇదంతా జరిగింది. కాటన్ దొరకు ఊరూరా విగ్రహం పెట్టుకున్న మనం ఈ జప్తుల కథను మన పిల్లలకు చెప్పలేదు. డెల్టా రచయిత, ఎంత మంచి మనసున్నవాడైనా, ఈ పుటను ఒక వాక్యంతో దాటేయగలడు. పశువును పోగొట్టుకున్న ఇంటివాడి మునిమనవరాలు దాటేయదు. కలం వారి చేతిలో ఉండాలనడానికి నాకు ఇంతకన్నా వేరే కారణం అక్కరలేదు.

గీసే పద్ధతిని కూడా మనం నేర్పనక్కరలేదు. 2011లో వచ్చిన ‘భీమాయన’లో గోండు చిత్రకారులైన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు అంబేద్కర్ జీవితాన్ని గీస్తూ పాత్రలను గళ్లలో బంధించడానికి ఒప్పుకోలేదు; మెత్తని మాటలకు పక్షి ఆకారాన్ని, కుట్టే మాటలకు తేలు కొండిని ఇచ్చారు. కోయలకూ అటువంటి సొంత సంపద ఉంది. వారి ఇలవేల్పుల పడిగెలు వంశచరిత్రను బొమ్మలుగా మోసే త్రికోణాకారపు గుడ్డలు. డోలి కళాకారులు ఆ చరిత్రను వాద్యంతో గానం చేస్తారు. ఆ గాన సంప్రదాయానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పడిగె ముందు కూర్చుని పెరిగిన యువకుడికో యువతికో కాగితం, రంగులు, రెండేళ్ల తీరిక ఇస్తే ఎటువంటి పుట పుడుతుందో చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

ఇందులో తొందర కూడా ఉంది. పోలవరం జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. దేవీపట్నం నుంచి కూనవరం దాకా గోదావరి, శబరి ఒడ్డున ఉన్నవారికి మొదటి దశ మట్టమైన 41.15, పూర్తి మట్టమైన 45.72 అనే అంకెలు కంఠస్థం, ఎందుకంటే ఎవరి ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో, ఎవరికి పరిహారం ముందో ఆ ఎత్తులను చూపే కాంటూరు గీతలే చెబుతున్నాయి. వేల్పు గద్దె ఒకచోట, దాన్ని కొలిచే ఇళ్లు పునరావాస కాలనీలో మరొకచోట అయ్యాక, ఫలానా చెట్టు కింద ఏం జరిగిందో చెప్పగల పెద్దలు ఎంతకాలం ఉంటారు? ఈ మాట ఎత్తితే ప్రాజెక్టుకు అడ్డుపడుతున్నారని మన రైతు మిత్రులు కొందరు నొచ్చుకుంటారని తెలుసు. నీరు అందుకునేవారు ఊరు వదిలినవారి కథ వినడం ప్రాజెక్టుకు అడ్డు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మన సంఘ సభ్యులు సొంత ఊళ్లలో బడి గదులకు, మంచినీటి ప్లాంట్లకు ధారాళంగా ఇస్తున్నారు. అందులో కొంత ఈ పుస్తకానికి మళ్లించమని కోరుతున్నాను. కథను, చిత్రకారులను కోయ, కొండరెడ్డి గ్రామాల పెద్దలు, చదువుకున్న యువతే కలిసి ఎంచుకోవాలి. పాత్రలు ఇంట్లో కోయ భాష మాట్లాడితే అది తెలుగు లిపిలో అలాగే ఉండాలి, పుట అడుగున తెలుగు ఇస్తే చాలు. అచ్చుకు వెళ్లే ముందు ప్రతి పుటనూ ఆ గ్రామాల్లో చదివి వినిపించాలి, వద్దన్న బొమ్మను తీసేయాలి. హక్కులు, రాబడి వారివే కావాలి. మన పేర్లు దాతల జాబితాలో, చివరి పుటలో, చిన్న అక్షరాల్లో ఉంటే సరిపోతుంది.