ఓడ కదిలే ముందు అడగని ప్రశ్న

2024 మార్చి 25న అమెరికాలోని బాల్టిమోర్ రేవులో బెర్త్‌కు కట్టి ఉన్న డాలీ అనే కంటైనర్ ఓడలో రెండుసార్లు కరెంటు పోయింది. మొదటిసారి, మరమ్మతు పనిలో ఉన్న సిబ్బందిలో ఒకరు నడుస్తున్న జనరేటర్ పొగ గొట్టానికి ఉండే డ్యాంపర్ అనే మూతను పొరపాటున మూసేయడంతో ఆ ఇంజిన్ ఊపిరాడక ఆగిపోయింది. కొద్దిసేపటికే, దాని స్థానంలో నడిచిన జనరేటర్‌కు ఇంధనం తగినంత ఒత్తిడితో అందక ఓడ మళ్ళీ చీకటైంది. సిబ్బంది కరెంటును పునరుద్ధరించి, కొన్ని నెలలుగా వాడుతున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్కనపెట్టి రెండోదానికి మార్చారు. సుమారు పది గంటల తర్వాత, అర్ధరాత్రి దాటాక ఓడ కొలంబోకు బయలుదేరింది. రేవు నుంచి ఓడకు దారి చూపే పైలట్‌తో మాట్లాడినప్పుడు కెప్టెన్ ఓడ సవ్యంగా ఉందనే చెప్పారు. రాత్రి 1:25 గంటలకు నదిలో నడుస్తుండగా మళ్ళీ కరెంటు పోయింది. నాలుగు నిమిషాల తర్వాత ఓడ ఢీకొని ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలింది. దాని మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న కూలీల్లో ఆరుగురు చనిపోయారు.

ఓడ మీద ఉన్న 21 మంది సిబ్బందిలో 20 మంది భారతీయులే కావడంతో ఈ వార్త మన దగ్గర కొన్నాళ్ళు బాగానే నలిగింది. 2025 నవంబరులో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు ముగించి అసలు కారణాన్ని వెల్లడించేనాటికి మాత్రం దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. దాదాపు 300 మీటర్ల పొడవున్న ఆ ఓడను నిలువునా చీకటి చేసింది ఒకే ఒక్క వదులు వైరు. వైరును గుర్తుపట్టడానికి దాని చివర తొడిగే లేబుల్ ఉండాల్సిన చోట లేకపోవడం వల్ల ఆ వైరు, వైర్లను కలిపే టెర్మినల్ బ్లాకు బిగింపులోకి పూర్తిగా దిగలేదు. చూసేవారికి అది బిగిసి ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ పట్టు సడలగానే బ్రేకర్ తెరుచుకుంది, దాంతో దీపాలు, పంపులు, చుక్కాని మోటార్లు ఆగిపోయాయి, చల్లబరిచే నీటి ఒత్తిడి పడిపోయి ప్రధాన ఇంజిన్ తనంతట తానే నిలిచిపోయింది.

ఓడలో వేల సంఖ్యలో ఉండే కనెక్షన్లలో వదులైన ఒకదాన్ని బయలుదేరే ముందు జరిపే పరీక్షలో పట్టుకోవాలని ఎవరూ ఆశించలేరు, ఆ మేరకు సిబ్బందిని తప్పుపట్టడం న్యాయం కాదు. వైరు వల్ల పోయిన కరెంటు నిమిషంలోపే తిరిగి వచ్చింది కూడా. ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్లను చేత్తో మార్చే పద్ధతిలో కాక ఆటోమేటిక్‌లో ఉంచి ఉంటే, ఆ నిమిషం కూడా పట్టేది కాదు. అసలు దెబ్బ నదిలోనే రెండోసారి కరెంటు పోవడంతో తగిలింది. జనరేటర్లకు ఇంధనం పంపడానికి, పైపులు శుభ్రం చేసేందుకు ఉద్దేశించిన ఫ్లషింగ్ పంపును వాడుతున్నారు. ఒకసారి కరెంటు పోతే అది తిరిగి తనంతట తాను మొదలు కాదు, ఎవరో ఒకరు వెళ్ళి నడపాలి. ఆ విషయం ఎవరికైనా తట్టేలోపే ఇంధన ఒత్తిడి పడిపోయి ఈసారి జనరేటర్లే ఆగాయి. మొదటి వైఫల్యాన్ని దురదృష్టం అనవచ్చు. రెండోదాన్ని అలా అనలేం, ఎందుకంటే ఆ పంపు అమరిక ఓడ రేవులో ఉండగానే అందరి కళ్ళ ముందూ ఉంది.

రేవు వదిలే ముందు ఓడను సిద్ధం చేసే పద్ధతి పట్ల నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఆ పద్ధతి ‘ఇది పనిచేస్తోందా’ అని అడుగుతుంది, ‘ఇది ఆగిపోతే మళ్ళీ ఎలా లేస్తుంది, ఈ మధ్య ఎప్పుడైనా ఆగిందా’ అని అడగదు.

అంతమాత్రాన ఆ పద్ధతి నాసిరకమైనదని కాదు. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, బయలుదేరే ముందు 12 గంటల లోపు చుక్కాని యంత్రాంగాన్ని పరీక్షించి తీరాలి. ఆ పరీక్షలో బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, ఒక అధికారి చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకీ ఆ తర్వాత రెండో పక్కకీ తిప్పుతుంటే, ఓడ వెనుక భాగంలోని స్టీరింగ్ గదిలో మరొకరు నిలబడి చుక్కాని నిజంగా ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూసి ఫోన్‌లో చెబుతారు. బ్రిడ్జి మీటరులోని అంకె, కింద కంటికి కనిపించే కోణం కలవాలి. రెండు స్టీరింగ్ మోటార్లనూ విడివిడిగానూ కలిపీ నడుపుతారు. ఇంజిన్ రూమ్‌లో ప్రధాన ఇంజిన్‌ను ముందే వేడి చేసి, సిలిండర్ల మీది చిన్న కాక్‌లు తెరిచి టర్నింగ్ గేర్‌తో మెల్లగా తిప్పుతారు. లోపల నీరు చేరి ఉంటే కాక్‌ల గుండా బయటికి చిమ్ముతుంది. ఆ తర్వాతే గాలితో తిప్పి, ముందుకూ వెనక్కూ ఒక్కోసారి నడిపి చూస్తారు. రేవు జలాల్లో ఒక జనరేటర్ చాలినా రెంటిని కలిపి నడుపుతారు. లంగర్ల కట్లు విప్పి, ఓడ ముందు భాగంలో మనిషిని నిలబెడతారు. అమెరికాలో వీటితోపాటు అత్యవసర జనరేటర్‌నూ బ్యాటరీలనూ పరీక్షించాలని నిబంధన చెబుతుంది.

ఇదంతా చదివితే లోటేమీ కనిపించదు. అయితే ఈ పరీక్షలన్నీ కరెంటు ఉండగా జరిగేవే. రెండు జనరేటర్లు కలిసి నడుస్తున్నాయని చెక్‌లిస్టులో టిక్కు పెట్టిన అధికారికి, ఆ రెంటికీ ఇంధనం పంపేది ఒకే పంపు అనీ, ఆ పంపు తనంతట తాను లేవదనీ తెలియాల్సిన అవసరం లేదు. టిక్కు నిజమే, దాని వెనుక ఉందనుకున్న రక్షణ మాత్రం లేదు. ఇంట్లో ఇన్వర్టర్ కొనుక్కుని, దాన్ని ఫ్యాను నడిచే ప్లగ్గుకే పెట్టామో లేదో చూసుకోకపోవడం లాంటిదే ఇది.

టిక్కును నమ్మడం కన్నా ప్రమాదకరమైనది మౌనాన్ని నమ్మడం. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గ రేవు నుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ, కార్లు ఎక్కడానికి ఓడ ముందు భాగంలో ఉండే తలుపులు తెరిచే ఉండగా బయలుదేరింది. వాటిని మూయాల్సిన అసిస్టెంట్ బోసన్ (డెక్ పనివారి పెద్దకు సహాయకుడు) తన క్యాబిన్‌లో నిద్రపోతున్నాడు. లోపం ఉంటే ఎవరో ఒకరు చెబుతారు, చెప్పలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టే అన్నది ఆ ఓడలో నడిచిన అలవాటు. బ్రిడ్జి నుంచి తలుపులు కనిపించవు. తలుపులు మూసుకున్నాయో లేదో చూపే దీపాలు పెట్టమని అంతకుముందే ఆ కంపెనీ కెప్టెన్లు అడిగితే యాజమాన్యం వేళాకోళంగా తోసిపుచ్చింది. 193 మంది చనిపోయాక ఆ దీపాలు తప్పనిసరి అయ్యాయి. ఆ దుర్ఘటన తర్వాతే అంతర్జాతీయ భద్రతా నిర్వహణ నియమావళి తయారై 1998 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. కంపెనీలన్నీ చెక్‌లిస్టులు తయారు చేసుకున్నది ఆ నియమావళి కోసమే.

చెక్‌లిస్టులు వచ్చిన రెండు దశాబ్దాల తర్వాత, 2019 సెప్టెంబర్ 8న, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న బ్రన్స్‌విక్ రేవు నుంచి నాలుగు వేలకు పైగా వాహనాలతో బయలుదేరిన గోల్డెన్ రే అనే ఓడ ఒక మలుపు తిరుగుతూనే ఒరిగిపోయింది. ఓడ అడుగున బరువు కోసం నింపే బ్యాలాస్ట్ నీటి లెక్కలను చీఫ్ ఆఫీసర్ కంప్యూటర్‌లోకి తప్పుగా ఎక్కించడం వల్ల, ఓడ నిజానికి ఉన్నదానికన్నా స్థిరంగా ఉన్నట్టు తెర మీద కనిపించింది. ఆ అంకెను మరొకరు సరిచూసే ఏర్పాటు లేదు. పైలట్ కోసం తెరిచిన పక్క తలుపు, దానితోపాటు ఇంకో జలరోధక తలుపు, దాదాపు రెండు గంటల పాటు తెరిచే ఉన్నాయి. ఓడ ఒరగగానే నీరు లోపలికి పోటెత్తింది. అందరూ బతికి బయటపడ్డారు కానీ, ఇంజిన్ విభాగానికి చెందిన నలుగురిని ఓడ పొట్ట కోసి బయటికి తీసేసరికి దాదాపు 40 గంటలు పట్టింది. జీబ్రుగ్గలో తలుపు, బ్రన్స్‌విక్‌లో తలుపు. మధ్యలో 32 ఏళ్ళు, టన్నుల కొద్దీ కాగితాలు.

రేవులోకి వచ్చేటప్పుడు చేసే సన్నాహం ఇంకొంచెం వేరు. గంధకం పరిమితి 0.10 శాతంగా ఉన్న తీర మండలాల్లోకి అడుగు పెట్టే ముందు వేడి చేసి వాడే బరువైన ఇంధనం నుంచి చల్లగా, పల్చగా ఉండే డీజిల్‌కు మారాలి. నిమిషానికి రెండు డిగ్రీలకు మించి ఉష్ణోగ్రత మారకుండా నెమ్మదిగా చేయాల్సిన ఈ మార్పిడిలో తొందరపడితే ఇంధన పంపులు పట్టేస్తాయి, ఇంజిన్ ఆగుతుంది, అదీ సరిగ్గా తీరానికి దగ్గరవుతున్న సమయంలో. అందుకే దాన్ని తీరానికి దూరంగా, తిరగడానికి చోటున్నప్పుడే పూర్తి చేసుకోవాలి.

విశాఖపట్నం ఇన్నర్ హార్బర్‌లోకి వెళ్ళే ఓడను చూసినవారికి ‘తిరగడానికి చోటు’ అన్న మాట విలువ తెలుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సాగే ఆ ఇరుకు కాలువలోకి దిగాక ఓడకు వెనుదిరిగే అవకాశం ఉండదు. ఓడను నెట్టి, లాగే చిన్న పడవలైన టగ్గులు పట్టుకుని ఉన్నా, ఇంజిన్ ఒక్క రెండు నిమిషాలు మాట వినకపోతే ఏం జరుగుతుందో పైలట్లకు చెప్పనక్కర్లేదు. రేవు బయట వేచి ఉండటాన్ని కూడా విశ్రాంతిగా తీసుకోవడానికి లేదు. 2020 అక్టోబర్ 13 తెల్లవారుజామున తీవ్ర వాయుగుండం గాలులకు లంగరు నిలవక ‘మా’ అనే బంగ్లాదేశ్ ఓడ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి కొట్టుకొచ్చింది. దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగినవారు వేలల్లో ఉంటారు. లంగరు వేసి ఉన్నప్పుడు ఇంజిన్ ఎంతసేపట్లో అందుబాటులోకి రావాలి అని అడిగినవారు ఎంతమందో మరి.

ఇక ‘సిద్ధంగా లేము’ అని చెప్పగలిగేది ఎవరు? కాగితం మీద కెప్టెన్‌కు తిరుగులేని అధికారం ఉంది, భద్రతా నియమావళి దాన్ని స్పష్టంగానే రాసింది. అయితే బెర్త్ కోసం వెనుక ఇంకో ఓడ వేచి ఉంటుంది, పైలట్, టగ్గులు బుక్ అయి ఉంటాయి, తర్వాతి రేవులో సమయం ముందే ఖరారై ఉంటుంది. ఆరు గంటలు ఆలస్యం చేస్తే ఆ ఖర్చుకు సమాధానం చెప్పాల్సింది కెప్టెన్, చీఫ్ ఇంజినీర్లే, బయలుదేరి ఏమీ కాకపోతే వాళ్ళను అడిగేవారు ఉండరు. పైగా రేవులో ఉన్నన్నాళ్ళూ తనిఖీలు, సరుకు, నూనె, సామాన్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలన్న నిబంధన రికార్డుల్లో అందంగా కనిపించేదీ, మనుషుల కళ్ళలో కనిపించనిదీ ఆ రోజుల్లోనే. అలా అలిసిపోయిన మనిషి, రెండుసార్లు కరెంటు పోయిన ఓడను ఆపాలా వద్దా అని తనంతట తాను తేల్చుకోవాలనడం అతని మీద మోపరాని బరువు.

కాబట్టి ఆ నిర్ణయాన్ని కెప్టెన్ ధైర్యానికి వదిలేయకుండా నిబంధనగా మార్చాలన్నది నా వాదన. ఓడ వివరాలతో పైలట్‌కు ఇచ్చే కార్డులో పొడవు, లోతు, ఇంజిన్ శక్తి ఉంటాయి. గత 48 గంటల్లో కరెంటు గానీ, ఇంజిన్ గానీ, చుక్కాని గానీ ఆగిందా, ఎందుకు ఆగింది, ఆ తర్వాత ఏం మార్చారు అన్న వరుస కూడా అందులో ఉండాలి. ప్రమాదకర స్థితిని కోస్ట్‌గార్డుకు తెలపాలన్న నిబంధన అమెరికాలో ఇప్పటికే ఉంది. అయితే ఏది ప్రమాదకరం అన్నది ఓడ మీది వారే తేల్చుకోవాలి, బెర్త్‌లో పోయి వచ్చిన కరెంటును వాళ్ళు చిన్న విషయంగా తీసుకోవడంలో వింత లేదు. అలాంటి ఓడను ఆపేయాలని కూడా అనడం లేదు. వంతెనలు, ఇరుకు కాలువలు దాటేవరకు టగ్గులు వెంట ఉండాలన్న షరతు పెడితే చాలు. డాలీకి సాయపడిన రెండు టగ్గులను, అప్పటి అలవాటు ప్రకారం, కరెంటు పోవడానికి దాదాపు ఇరవై నిమిషాల ముందే వదిలేశారు. మన రేవుల యాజమాన్యాలు ఈ ఒక్క వరుసను తమ పైలట్ కార్డుల్లో చేర్చడానికి ఢిల్లీ నుంచో లండన్‌లోని అంతర్జాతీయ సముద్ర సంస్థ నుంచో ఆదేశం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.