వెలుగు ఆరిపోయింది సరే, ఎందుకు ఆరింది? చిట్టెలుకల మెదడు నుంచి బంగారు నానోక్లస్టర్ల దాకా

చిన్న గాజు సీసాలో గోధుమ రంగు ద్రవం, మామూలు లైట్లో చూస్తే అందులో ఏ ప్రత్యేకతా కనబడదు. గది చీకటి చేసి 365 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటర్‌లో వంద కోట్లో వంతు) యూవీ ల్యాంప్ కింద పెడితే మాత్రం నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. అందులో రాగి లవణం కలిపిన నీళ్ళు కొన్ని చుక్కలు వేస్తే ఆ ఎరుపు కళ్ళముందే మసకబారిపోతుంది. అది చూసి "రాగిని కనిపెట్టే సెన్సర్ దొరికేసింది" అనేయడం చాలా తేలిక, నా పేచీ అంతా ఆ తేలికతోనే.

సీసాలో ఉన్నవి ఒక్కొక్కటీ 25 బంగారు పరమాణువులు గుంపుగా చేరిన నానోక్లస్టర్లు, చుట్టూ ఆవు రక్తం నుంచి తీసే అల్బుమిన్ ప్రోటీన్ తొడుగులా ఉంటుంది. 2009లో సింగపూర్‌లో జాకీ యింగ్ అనే శాస్త్రవేత్త టీమ్ ఈ పద్ధతి చూపించింది, బంగారు లవణం, ప్రోటీన్, కాస్త సోడియం హైడ్రాక్సైడ్ కలిపి 37 డిగ్రీల దగ్గర ఓ 12 గంటలు ఉంచితే చాలు. మరి బంగారం వెలగడమేంటి అంటే, 10 నానోమీటర్ల రేణువులో ఎలక్ట్రాన్లు ఇంకా లోహంలో లాగానే గుంపుగా కదులుతాయి, 2 నానోమీటర్ల కంటే చిన్నదైతే వాటి శక్తి స్థాయిలు మెట్లు మెట్లుగా విడిపోతాయి, పై మెట్టెక్కిన ఎలక్ట్రాన్ కిందికి దిగేటప్పుడు కాంతి వదుల్తుంది. ఒక్క పరమాణువు తేడా వచ్చినా ఆ మెట్లు మారిపోతాయి. నాకు ఈ సబ్జెక్ట్ అంటే ప్రాణం, అందుకే దీని మీద తొందరపడి రాసే మాటలు చూస్తే బాధేస్తుంది.

ఇప్పుడు ఇంకో ల్యాబ్‌కి వెళ్దాం. గుండ్రటి నీళ్ళ తొట్టి, నీళ్ళు తెల్లగా మసకగా ఉంటాయి, నీటి మట్టానికి కొంచెం కింద కనబడకుండా ఒక చిన్న ప్లాట్‌ఫారం. చిట్టెలుకని అందులో వదుల్తారు, దానికి నీళ్ళంటే పడదు, గోడల మీది గుర్తులు చూసుకుంటూ ఈది ఈది చివరికి ప్లాట్‌ఫారం ఎక్కుతుంది, రోజులు గడిచేకొద్దీ నేరుగా అటే పోతుంది. రిచర్డ్ మోరిస్ అనే మెదడు శాస్త్రవేత్త మొదట పెద్ద ఎలుకలతో చేసి 1981లో ప్రచురించిన పరీక్ష ఇది. 1992లో అమెరికాలోని ఎంఐటీలో సుసుము తొనెగావా అనే శాస్త్రవేత్త ల్యాబ్ వాళ్ళు క్యామ్‌కే-2 ఆల్ఫా అనే, కణాల్లో సంకేతాలు చేరవేసే ప్రోటీన్ లేని చిట్టెలుకల్ని తయారుచేసి ఇదే తొట్టిలో వదిలితే అవి ప్లాట్‌ఫారం ఎక్కడుందో సరిగ్గా నేర్చుకోలేకపోయాయి. మెదడులోని మొత్తం ప్రోటీన్‌లో 1 నుంచి 2 శాతం దాకా ఈ క్యామ్‌కే-2 కుటుంబమే ఉంటుంది, కాల్షియం కణం లోపలికి రాగానే స్విచ్ లాగా ఆన్ అవుతుంది, కాల్షియం వెళ్ళిపోయాక కూడా కాసేపు ఆన్‌లోనే ఉంటుంది.

ఈ రెండు ల్యాబులూ చేసేది నిజానికి ఒకే రకం వాదన. ఒకచోట ప్రోటీన్ తీసేస్తే జ్ఞాపకం పోయింది, ఇంకోచోట రాగి వేస్తే వెలుగు పోయింది. రెండు చోట్లా పోయినదాన్ని బట్టి ఉన్నదాని గురించి చెప్తున్నాం. కానీ పోవడానికి దార్లు చాలా ఉంటాయి కదా! ఎఫ్‌వీబీ, సీ3హెచ్ లాంటి చిట్టెలుక జాతుల్లో పుట్టుకతోనే కంటి రెటీనా పాడైపోయే జీన్ ఉంటుంది, అవి తొట్టిలో దారి తప్పితే అది మతిమరుపా, గుడ్డితనమా? క్లస్టర్ల సంగతీ అంతే, రాగి ఒక్కటే కాదు, పాదరసం ఆర్పేస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆర్పేస్తుంది, సైనైడ్ అయితే బంగారాన్నే కరిగించేస్తుంది, ప్రోటీన్‌ని కోసే ఎంజైమ్ తగిలినా తొడుగు ఊడి వెలుగు తగ్గుతుంది. ఒకే చీకటి, దాని వెనక ఇన్ని కథలు.

మంచి పనివాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు, వాళ్ళు చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. అదే తొట్టిలో ప్లాట్‌ఫారాన్ని కనబడేలా పెట్టి వదిలారు, దాని దగ్గరికి పోగలిగితే కళ్ళూ కాళ్ళూ బాగున్నట్టే. 1996లో ఎరిక్ కాండెల్ అనే మెదడు శాస్త్రవేత్త ల్యాబ్ వాళ్ళు ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే క్యామ్‌కే-2 జీన్‌ని చిట్టెలుకల్లో పెట్టి, నేర్చుకోవడం దెబ్బతిన్నాక డాక్సీసైక్లిన్ మందు ఇచ్చి ఆ జీన్‌ని ఆపేస్తే మళ్ళీ నేర్చుకోగలిగాయి. 1998లో ఇంకా సన్నగా కోసారు, ప్రోటీన్ మొత్తం తీసేయకుండా 286వ స్థానంలో ఉన్న ఒక్క అమైనో ఆమ్లం, థ్రియోనిన్‌ని మాత్రం మార్చారు, ఆ స్విచ్ తనంతట తాను ఆన్‌లో ఉండిపోవడానికి ఫాస్ఫేట్ అతుక్కునే చోటది. దాంతోనే ఆ తొట్టి పాఠం పోయింది. క్లస్టర్లలో దీనికి సాటి పని ఏంటంటే, రాగిని పట్టి లాగేసే రసాయనం వేసి వెలుగు తిరిగొస్తుందా అని చూడటం, లేదా రాగికి ఆరని ఇంకో రంగుని పక్కనే పెట్టుకుని రెండిటి నిష్పత్తి కొలవడం.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా మెదడు ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది. పీకేఎమ్ జీటా అనే ఎంజైమ్‌ని అడ్డుకోడానికి తయారుచేసిన జిప్ అనే మందు, పెద్ద ఎలుకల మెదడులో ఎక్కిస్తే నిలవ ఉన్న జ్ఞాపకం చెరిగిపోయిందని 2006లో వచ్చింది, జ్ఞాపకాల ప్రోటీన్ దొరికిందన్నారు. 2013లో రెండు టీములు ఆ ఎంజైమే లేని చిట్టెలుకల్ని చూపించాయి, వాటికి జ్ఞాపకశక్తి బాగానే ఉంది, పైగా అదే మందు వాటిల్లో కూడా పని చేసింది! లేని ఎంజైమ్‌ని మందు ఎలా అడ్డుకుంటుంది? 2016లో ఇంకో వివరణ వచ్చింది, ఆ ఎంజైమ్ లేనప్పుడు దాని చుట్టం లాంటి మరో ఎంజైమ్ ఆ పని నెత్తినేసుకుంటోందని. నా దృష్టిలో 2013 పేపర్లకి దక్కాల్సిన గౌరవం 2006 దానికంటే ఒక పిసరు ఎక్కువే, హెడ్‌లైన్లలో మాత్రం అవి ఎప్పుడూ వెనక వరసే.

"మెదడు జబ్బుల్ని వెలిగి చూపించే నానోక్లస్టర్లు" అనే వార్తలు చదివినప్పుడు ఇవన్నీ గుర్తొస్తాయి. ఈ బంగారు క్లస్టర్ 640 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, పుర్రె దాటి బాగా లోతు నుంచి కనబడాలంటే ఇంకా పొడవైన తరంగాలు, ఇన్‌ఫ్రారెడ్ వైపు కావాలి, దానికంటే ముందు రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న కాపలా దాటాలి. అదంతా వీలైన రోజు వస్తుందనే నా నమ్మకం. అందాకా, రాగి లేకుండానే వెలుగు ఎంత తగ్గుతుందో తెలియాలి కాబట్టి, ఆ సీసాలోని క్లస్టర్లని శుభ్రమైన నీళ్ళలో కాకుండా రక్తపు సీరంలో, ఒంటి వేడి దగ్గర, రాగి అసలు వేయకుండా వారం రోజులు ఉంచి రోజూ వెలుగు కొలిచి, ఆ గ్రాఫ్‌ని పేపర్లో మొదటి బొమ్మగా వేయండి.