పెట్టుడు జుట్టుకు గోదావరి పరీక్ష

మానవజాతి ముందున్న సమస్యలు చాలావరకు తీరిపోయాయి కాబట్టి, మిగిలిన పెద్ద సమస్య గురించి మాట్లాడుకోవాలి. విగ్గును చూస్తే విగ్గని తెలిసిపోతోంది. జపాన్‌లో కనెకా కంపెనీ 1957లో కనెకలాన్ అనే మోడాక్రిలిక్ పోగు, అంటే విగ్గులకు పనికొచ్చే ఒక రకం ప్లాస్టిక్ పోగు, తయారీ మొదలుపెట్టింది. అప్పటి నుంచీ ఎందరో శాస్త్రవేత్తలు విగ్గును విగ్గులా కనపడకుండా చేసే పని మీదే ఉన్నారు. ఈలోగా మనిషి చంద్రుడి మీదికి వెళ్ళి వచ్చేశాడు కూడా. అమలాపురం గడియార స్తంభం సెంటర్లో మాత్రం టీకొట్టు దగ్గర కూర్చున్నవాడు, వీధి ఆ చివర వస్తున్న పెద్దమనిషిని చూసి, గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేస్తాడు: "ఆయ్, అది పెట్టుడేనండి."

ఇంత కచ్చితమైన పరికరం ఏ ల్యాబులోనూ లేదు. అది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

మనిషి వెంట్రుక నున్నటి తీగ కాదు. పాక మీద తాటాకు కప్పినట్టు, దానిపైన సన్నటి పొలుసులు ఒకదాని మీదొకటి పరుచుకుని ఉంటాయి. ఆ పొలుసులు సుమారు మూడు డిగ్రీల వాలులో ఉంటాయి. అందువల్ల వెంట్రుక మీద పడ్డ వెలుగు రెండుగా చీలుతుంది. పైనుంచే తిరిగొచ్చే తెల్లటి మెరుపు ఒకటి, లోపలికి వెళ్ళి రంగు పులుముకుని కాస్త పక్కన బయటపడే మెరుపు రెండోది. 2003లో కంప్యూటర్ గ్రాఫిక్స్ శాస్త్రవేత్త స్టీవ్ మార్ష్‌నర్ బృందం దీన్ని లెక్కలతో సహా వివరించింది. టీకొట్టు దగ్గరున్నవాడు ఆ పేపరు చదవలేదు. వాడికి ఆ రెండో మెరుపు కనపడలేదు, అంతే.

ప్లాస్టిక్ పోగుకు పొలుసులుండవు. ఎండపడితే స్టీలు గిన్నెతో పోటీపడుతుంది. అందుకని ఇంజనీర్లు దాని అందం చెడగొట్టడం మొదలుపెట్టారు. మెరుపు చంపడానికి టైటానియం డయాక్సైడ్ పొడి కలిపారు. పైభాగం గరుకుగా ఉండేలా చేశారు. ప్లాస్టిక్ ద్రవం పోగులుగా దిగే చిల్లుల పళ్ళెంలో గుండ్రటి చిల్లులు మాని, గుర్రపు లాడం ఆకారంలో కొన్ని, రెండు చివర్లూ ఉబ్బిన ఎముక ఆకారంలో కొన్ని తొలిచారు. అన్నీ ఒకే నలుపుంటే దొరికిపోతామని ముదురూ లేతా రంగులు కలిపారు. మొత్తం మీద ఈ పరిశోధన సారం ఏమిటంటే, తప్పులు లేని పోగుకు ఓపిగ్గా తప్పులు నేర్పడం.

సరిగ్గా ఇదే కాలంలో గోదావరి జిల్లాల ప్రజలు ఎదురు దిక్కున ప్రయాణం సాగించారు. దేవుడిచ్చిన మూడు డిగ్రీల పొలుసుల్ని పార్లర్లో ఇస్త్రీ చేయించి, సీరం రాయించి, అద్దంలా మెరిసేదాకా లేవరు. భీమవరంలో ఏ పెళ్ళికైనా వెళ్ళి చూడండి. పెళ్ళికొడుకు మేనమామలు నలుగురూ ఒకే నలుపులో ఉంటారు. అరవై దాటిన ఆ మొహాల మీద బొగ్గు కూడా సిగ్గుపడే నలుపు అది. చెవుల పక్కన చర్మానికి కూడా ఒక కోటింగు పడి ఉంటుంది. ఆ పందిట్లో సహజంగా కనిపించే తల ఒక్కటే ఉంటుంది. అది విగ్గు పెట్టుకొచ్చిన వియ్యంకుడిది.

ఈ స్థితిలో శాస్త్రవేత్తలకు నా విన్నపం ఒకటే. మీ కొత్త పోగుల్ని ఏసీ గదుల్లో పరీక్షించి మురిసిపోకండి. ఇక్కడికి తీసుకురండి.

మొదటి గండం కొబ్బరినూనె. కోనసీమలో తలంటే నూనె పట్టాల్సిందే. అసలు వెంట్రుక ఆ నూనెను కొంత లోపలికి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ పీల్చదు. పైనే నిలిచి, జారి, చొక్కా కాలరుకు చేరుతుంది. విగ్గుకు నూనె ఎందుకని మీరడగొచ్చు. ఆదివారం పొద్దున్న మా పెద్దమ్మ గిన్నెతో వచ్చి "ఒరేయ్, ఇలా కూర్చో" అన్నప్పుడు ఆ ప్రశ్న మీరే అడిగి చూడండి.

రెండోది గాలిలో తేమ. అసలు వెంట్రుక తడిస్తే తన బరువులో ముప్పై శాతం దాకా నీళ్ళు తాగుతుంది. విగ్గుల్లో వాడే మరో ప్లాస్టిక్ పోగు పాలియెస్టర్ గాలి నుంచి తీసుకునే తేమ అర శాతం కూడా ఉండదు. శ్రావణమాసపు ముసురులో పొద్దున్న తిప్పిన ఉంగరాలు మధ్యాహ్నానికి అందరివీ జారిపోతాయి. వేడితో రూపం పోసిన ప్లాస్టిక్ ఉంగరం మాత్రం చెక్కుచెదరదు. లంకలో ఊరంతా తడిసి ముద్దయి పడవ దిగుతుంటే, ఒక్క మనిషి క్రాపు మాత్రం పొద్దుటి ఫొటోలో ఉన్నట్టే ఉంటే ఏం చెప్పుకుంటాడు పాపం? కాబట్టి వానకు లొంగిపోయే పోగు కావాలి. ఎంత లొంగాలో కూడా తెలిసిన పోగు కావాలి.

ఇక సెగ. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే కుండ ముందు మామూలు సింథటిక్ విగ్గుతో కూర్చోమనండి. ముందు జుట్టు కొసలు ముడుచుకుని గరగరలాడతాయి, మళ్ళీ సాగవు. మోడాక్రిలిక్‌లో క్లోరిన్ ఉంటుంది కనుక భగ్గున అంటుకోదు, మంట తీస్తే ఆరిపోతుంది. ప్రాణానికి హామీ ఉంది, పరువుకు లేదు. గోదావరి మీది ఎదుర్లంక వారధిపై ఎదురుగాలిలో బైకు నడిపే పరీక్ష కూడా పెట్టేవాణ్ణే గానీ, అది పోగు సమస్య కాదు జిగురు సమస్య అని శాస్త్రవేత్తలు తప్పించుకుంటారు.

మన అమ్మమ్మలకు ఈ టెన్షన్లేవీ లేవు. దువ్వెనకొచ్చిన చిక్కు వెంట్రుకల్ని చుట్ట చుట్టి గోడ సందులో దాచేవారు. సవరాలు కట్టేవాళ్ళు వీధిలోకొస్తే ఇచ్చి కట్టించుకునేవారు. రాలిన జుట్టే కొన్నాళ్ళు ఆగి మళ్ళీ తలెక్కేది. ఇప్పుడు ఆ చిక్కు ఇచ్చి స్టీలు గిన్నె పుచ్చుకుంటున్నాం. ద్వారకా తిరుమలలోనో అన్నవరంలోనో ఇచ్చే తలనీలాలు వేలంలోకి వెళతాయి. మన దేశపు జుట్టు ఓడలెక్కి ఎక్కడెక్కడో తలల మీద దిగుతుంది. మనకు ఆన్‌లైన్లో ప్లాస్టిక్ జుట్టు వస్తుంది, రిటర్న్ సౌకర్యంతో.

ఆ ప్రయాణంలోనూ తమాషాలున్నాయి. 2004లో జెరూసలేంలోని మతగురువు యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్, భారతీయ ఆలయాల్లో మొక్కుగా ఇచ్చిన జుట్టు విగ్రహారాధన కిందికి వస్తుందని, దానితో చేసిన విగ్గులు, పెళ్ళయ్యాక తల కప్పుకునే యూదు స్త్రీలు పెట్టుకోకూడదని తీర్పు చెప్పారు. న్యూయార్కులోని బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. సింథటిక్ విగ్గులకు గిరాకీ పెరిగింది. మొక్కు తీర్చుకుని, గుండుకు గంధం రాసుకుని బస్సెక్కిన భక్తురాలికి, తన జడ న్యూయార్కులో ధర్మసందేహమై కూర్చుందని ఎవరు చెబుతారు?

చివరి విన్నపం వయసు గురించి. పోగు ఎంత బాగా కుదిరినా అది ముసలిది కాదు. నెత్తి ముప్పై దగ్గరే ఆగిపోతుంది, గడ్డం కింద చర్మం మాత్రం తన సర్వీసు తాను చేసుకుపోతుంది. కంపెనీలు పది శాతం తెల్లవి కలిపినదీ, ఇరవై శాతం కలిపినదీ అని విడివిడిగా అమ్ముతున్నాయి, నిజమే. కానీ శుక్రవారం పది శాతంతో ఇంటికెళ్ళిన గుమస్తా సోమవారం ఇరవై శాతంతో వస్తే ఆఫీసులో ఏమనుకుంటారు? తెలుపు కూడా డీఏ లాగా విడతలవారీగా పెరగాలి. ఏటా సంక్రాంతికి కొంత, బకాయిలతో సహా. మా వీధిలో రిటైరైన మాస్టారు ఈ పథకాన్ని గట్టిగా సమర్థిస్తున్నారు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం ఫోను ముందు మొహం పెట్టినప్పుడు, నిరుటి మనిషే అని ఫోను ఒప్పుకోవాలి, ఏడాది పెద్దయ్యాడని చుట్టుపక్కలవాళ్ళూ ఒప్పుకోవాలి అంటారు. రెండూ ఒకే విగ్గుతో సాధించే పోగు వస్తే ముందు డబ్బు కట్టి బుక్ చేసుకుంటానని కూడా అన్నారు, ఈఎంఐ ఉంటే.