చదవేస్తే ఉన్న మతి

ఇన్వెస్టర్ రిలేషన్స్ కొలువులో, అంటే కంపెనీ తరఫున వాటాదారులతో, మదుపరులతో మాట్లాడే పనిలో ఉన్నవాళ్లు పుస్తకాలు చదవరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాయకత్వం మీద ఒకటి, కథ చెప్పే కళ మీద రెండు, తెల్లవారుజామున లేవడం మీద మూడు చదివేసి ఉంటారు. పైన వెబినార్లు, సర్టిఫికెట్లు సరేసరి. ఇంత చదువుకీ పరమార్థం ఒక్కటే. కంపెనీకి నష్టం వచ్చినప్పుడు ఆ మాట నోరు జారకుండా చూసుకోవడం.

ఇదేమీ తేలికైన విద్య కాదు. నష్టం అనకూడదు, 'ఎదురుగాలులు' అనాలి. అమ్మకాలు పడిపోయాయనకూడదు, 'డిమాండ్ సాధారణ స్థితికి వస్తోంది' అనాలి. లాభాలొచ్చిన క్వార్టర్లో గాలి ఊసే లేకుండా అంతా యాజమాన్యం ప్రతిభే ఎలా అవుతుందని మాత్రం అడక్కండి. అది అడ్వాన్స్‌డ్ కోర్సు.

ఈ విద్యలో శిఖరమెక్కింది ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే అమెరికా కంపెనీ వీవర్క్. 2018లో బాండ్లు అమ్ముకోవడానికి ఇచ్చిన పత్రాల్లో 'కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఎబిటా' అని ఓ లెక్క చూపించింది. వడ్డీ, పన్ను, తరుగుదల పక్కన పెట్టి చూపడం అందరూ చేసేదే. వీళ్లు మార్కెటింగ్ ఖర్చు, కంపెనీ పరిపాలన ఖర్చు కూడా పక్కన పెట్టేశారు. ఆ లెక్కన మాదీ లాభాల్లో ఉన్న సంసారమే.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌ని చూడండి. 2001 ఏప్రిల్లో, ఫలితాలతో పాటు బ్యాలెన్స్ షీట్ ఎందుకివ్వరని, మదుపరులతో ఫలితాలు మాట్లాడే ఫోన్ కాల్‌లో అడిగినతన్ని సీఈఓ జెఫ్రీ స్కిల్లింగ్ అందరూ వింటుండగా బూతు మాట అన్నాడు. డిసెంబరుకల్లా కంపెనీ దివాలా. మా వాళ్లయితే 'చాలా మంచి ప్రశ్న, విడిగా మాట్లాడుకుందాం' అనేవారు. కంపెనీ ఎలాగూ మునిగేదే కానీ, మర్యాదగా మునిగేది.

విడిగా మాట్లాడటంలోనూ ఓ చిక్కుంది. షేరు ధరను కదిపే సంగతి ఒకరిద్దరి చెవిన వేయకూడదు, చెబితే అందరికీ ఒకేసారి చెప్పాలని 2000లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 'రెగ్యులేషన్ ఎఫ్‌డీ' అనే నిబంధన తెచ్చింది. దీన్ని మా వాళ్లు అక్షరాలా పాటిస్తారు. ఎవరికీ ఏమీ చెప్పరు.

అదే ఎస్ఈసీ 1998లో, కంపెనీ పత్రాల్ని సులువైన ఇంగ్లీషులో రాయడమెలాగో చెబుతూ ఓ చిన్న పుస్తకం వేసింది. ముందుమాట పేరుమోసిన మదుపరి వారెన్ బఫెట్‌ది. వార్షిక నివేదిక రాసేటప్పుడు అక్క డోరిస్‌తో, చెల్లెలు బెర్టీతో మాట్లాడుతున్నట్టు అనుకునేవాడట. అమాయకుడు! తోబుట్టువులకి కూడా అర్థమయ్యేలా రాస్తే లీగల్ డిపార్ట్‌మెంట్ ఊరుకుంటుందా? ఆ పుస్తకం ఉచితం కూడాను. మా అరల్లో కనబడకపోవడానికి అదే కారణం కావచ్చు.

నేనూ కొన్నాళ్లు ఈ కొలువు వెలగబెట్టాను. కాల్ ముందురోజు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే ఫైలు నా చేతిలోనే ఉండేది. ఓసారి 'చేతిలో నగదు ఎందుకు తగ్గింది?' అన్న ప్రశ్న కింద 'పెద్ద కస్టమర్ డబ్బు కట్టలేదు' అని రాశాను. మధ్యాహ్నానికి అది 'వసూళ్లలో కొంత జాప్యం' అయింది. రాత్రి పదింటికి 'వర్కింగ్ క్యాపిటల్ సైకిల్‌లో తాత్కాలిక సర్దుబాటు'గా తేలింది. చివరికి నాకే అర్థం కాలేదు. అంటే సిద్ధమైనట్టే.

కాల్ అయిన మర్నాడు ఓ పెద్దాయన ఫోన్ చేశారు. పాత వాటాదారు.

"బాబూ, ఇంతకీ ఆ డబ్బు వస్తుందా, రాదా?"

నేను సర్దుబాటు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మధ్యలో అడ్డొచ్చారు.

"అది కాదు నాయనా. నివేదిక చివర నోట్స్‌లో సగం బాకీ రాకపోవచ్చని ప్రొవిజన్ పెట్టేశామని మీరే రాశారుగా?"

నాయకత్వం మీద నేను చదివిన పుస్తకాలన్నీ గిర్రున తిరిగాయి. ఏ ఒక్కటీ పనికిరాలేదు.

"ఏ పేజీ అండీ?" అన్నాను.

నెంబరు చెప్పి, నేను వెతుక్కునేలోపు ఆయనే చదివి వినిపించారు.